కొత్త బండి మీద పాత కాలు

నడిగూడెం నుంచి కోదాడ పోయే దారిలో ఓ గంట నిలబడి, వచ్చే పోయే పికప్‌ల నంబరు ప్లేట్లు చూడండి. ఏపీ 24 అని ఉంటే అది ఉమ్మడి రాష్ట్రంలో, నల్లగొండ జిల్లా కింద రిజిస్టరయిన బండి. టీఎస్ 05 అంటే 2014 తర్వాతది. టీఎస్ 29 అంటే 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాక కొన్నది. టీజీ 29 అయితే 2024 మార్చి దాటాక షోరూం గేటు బయటికొచ్చింది. కిరాయికి బండ్లు తిప్పే ఇళ్ళల్లో వీటిలో రెండు మూడు రకాలు ఒకే వాకిట్లో కనబడతాయి. ప్లేటు మారింది, ఇంజను మారింది, కిస్తీ కట్టే బ్యాంకు కూడా మారింది. మారనిది డ్రైవరు కుడికాలు. ఏపీ 24 బండి మీద యాక్సిలరేటర్ తొక్కడం నేర్చుకున్న కాలే టీజీ 29 బండి మీదా అట్లాగే తొక్కుతోంది.

కొత్త టర్బో పికప్ తీసుకున్నవాళ్ళు ఆర్నెల్లు తిరగకముందే "పాతదే మేలు, ఇది గుంజతలేదు" అని ఎందుకంటారో ఆలోచిస్తే చాలాసార్లు తేలేది ఇదే. బండికి జబ్బు ఉండదు. పాత బండికి వండిన వంట కొత్త బండికి వడ్డిస్తుంటారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న పని ఒక్కటే. పాత బండి మీకు నేర్పిన దాదాపు ప్రతి అలవాటుకూ ఆ ఇంజన్లో ఏదో ఒక కారణం ఉండేది. ఆ కారణం ఏమిటో పట్టుకోండి. అది కొత్త బండిలోనూ ఉంటే అలవాటు ఉంచుకోండి, లేకపోతే వదిలేయండి. "నేను ఇరవై ఏళ్ళ నుంచి తోలుతున్న" అనే మాట దీంట్లో ఎటూ సాక్ష్యం కాదు. అలవాటును విడిచి దాని కారణాన్ని పట్టుకోవడమనే ఈ పద్ధతి వ్యవసాయంలోనూ వ్యాపారంలోనూ పనికొస్తుంది. కాకపోతే బండి దగ్గర నేర్చుకోవడం సులువు. తప్పు చేస్తే వారంలో పొగ రూపంలో కనబడుతుంది కాబట్టి.

ముందు పాత బండ్ల సంగతి. ఈ రోడ్డు చూసిన చిన్న లారీల వరస చిన్నదేం కాదు. 1980లలో జపాను కంపెనీలతో కలిసి మన దేశంలో నాలుగు కంపెనీలు తేలికపాటి లారీలు మొదలుపెట్టాయి: డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. నాలుగోది మనది. హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్ కలిసి జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టాయి. దాన్ని 1989లో మహీంద్రా తీసుకుంది. ఈనాటికీ అక్కడ మహీంద్రా బండ్లు తయారవుతూనే ఉన్నాయి. 1986లో టాటా 407 వచ్చింది. ఆ తర్వాత 207, మహీంద్రా పికప్‌లు. 2005లో టాటా ఏస్ దిగేసరికి రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్ ఉన్న బుజ్జి ఇంజనుతో కూడా ఇల్లు గడపొచ్చని ఊళ్ళల్లో కుర్రాళ్ళకు తెలిసింది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ మూడు సిలిండర్ల టర్బోతో వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్ 6 పొగ కాలుష్య నియమాలు. ఇప్పుడు డీజిల్ పికప్ కొంటే టర్బో వద్దన్నా వస్తుంది.

అంకెలు చూస్తే పాతవాళ్ళకు నమ్మబుద్ధి కాదు. మన ఊళ్ళల్లో తిరిగిన పాత 207 ఇంజను మూడు లీటర్లకు కాస్త తక్కువ. టాటా ఇంట్రా వీ30 ఇంజను 1,496 సీసీ, అంటే దాంట్లో దాదాపు సగం. అయినా 70 హార్స్‌పవర్ ఇస్తుంది. "గింత ఇంజన్ ఏం గుంజుతది బావా" అన్న అనుమానం నడిగూడెం సొత్తు కాదు. ఫోర్డ్ కంపెనీ 2011 మోడల్ ఎఫ్-150 పికప్‌లో ఎనిమిది సిలిండర్ల ఇంజను పక్కనే రెండు టర్బోలు బిగించిన 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను పెట్టినప్పుడు అమెరికా రైతులూ అట్లాగే ముఖం పెట్టారు. కొన్నాక మెత్తబడ్డారు.

పాత బండిని తలచుకునేటప్పుడు మనసు ఒక మోసం చేస్తుంది. అది గుంజిన రోజులు గుర్తుపెట్టుకుని, ఆగిన రోజులు మర్చిపోతుంది. టీ బంకు దగ్గర మాటలు వినండి. "మామా, నా 207 మీద నాలుగు టన్నులేసినా గుట్ట ఎక్కేది." నిజమే, ఎక్కి ఉంటుంది. ఆ ఏడాది కమాను పట్టీలు ఎన్నిసార్లు విరిగాయి, టైర్లు ఎన్ని మార్చారు, మెకానిక్ షెడ్డులో ఎన్ని రోజులు నిలబడింది? ఆ లెక్క ఎవరూ చెప్పరు. పైగా అప్పటి అధిక లోడు ఇప్పటి చట్టానికి పడదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఆర్సీలో రాసిన బరువుతోనే రెండు బండ్లనూ పోల్చాలి. గుట్ట ఎక్కిన కథతో కాదు.

అందుకని ఒక నోటు పుస్తకం తీయండి. మీరు నడిపిన ఒక్కో బండికి ఒక్కో పేజీ. ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్మారు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, ఏడాదికి రిపేరు ఖర్చు, పని లేకుండా షెడ్డులో ఉన్న రోజులు. గుర్తులేనివి ఊహించి రాయకండి, ఖాళీగా వదలండి. ఖాళీ గళ్ళే ఎక్కువుంటే "పాతదే మేలు" అనే మాటకు మీ దగ్గర ఆధారం లేదని మీకే అర్థమవుతుంది. కొత్త బండికి మాత్రం మొదటిరోజు నుంచే రాయండి. మైలేజీ చూడటానికి మీటరు మీద కనబడే అంకెను నమ్మకుండా ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి, మళ్ళీ నిండా కొట్టించి లెక్కగట్టండి. లోడుతో ఒక లెక్క, ఖాళీగా ఒక లెక్క.

ఇట్లా పక్కపక్కన పెట్టి చూడటం ఈ ఊరికి కొత్త కాదు. వందేళ్ళ కిందట, జాతీయ జెండాతో పేరు రాకముందు, పింగళి వెంకయ్య ఈ నడిగూడెంలోనే మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆదరణలో ఉండి కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేశారు. ఆయన్ను 'పత్తి వెంకయ్య' అన్నది అందుకే. కొత్త విత్తనం మంచిదా కాదా అన్నది పొగడ్తతోనో తిట్టుతోనో తేలదు, మడిలో వేసి చూడాల్సిందే. నడిగూడెం కోట గోడల పక్కనుంచి రోజూ లోడు తోలేవాళ్ళు ఆయన పద్ధతిని బండికి వాడుకుంటే బాగుంటుందని నా కోరిక.

ఇక ఇంజను దగ్గరికి. టర్బో అంటే ఏదో అదనపు మందు కాదు. సైలెన్సర్ గుండా ఊరికే పోయే పొగకు వేడి, ఒత్తిడి ఉంటాయి. ఆ పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని లాగి, అదిమి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువ అందితే ఎక్కువ డీజిల్ పూర్తిగా కాలుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, అదీ సన్నని ఆయిల్ పొర మీద తేలుతూ. ఈ రెండు ముక్కలు మనసులో ఉంటే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పకపోయినా మీకే తోస్తాయి.

పొద్దున్నే స్టార్ట్ చేసి బర్రుమని రేస్ ఇవ్వడం పాత అలవాటు. చలికాలంలో పాత ఇంజను తడబడేది, రేస్ ఇస్తే నిలబడేది. ఆ కారణం ఇప్పుడు లేదు. ఇంజన్లో ఎంత డీజిల్ పడాలో కంప్యూటరే చూసుకుంటుంది. రేస్ ఇచ్చారంటే ఆయిల్ పైకి చేరకముందే టర్బో ఇరుసు ఎండుగా తిరుగుతుంది. అర నిమిషం ఊరికే ఉండనిచ్చి నెమ్మదిగా కదిలించండి.

ఆపే ముందు ఒకసారి రేస్ ఇచ్చి తాళం తిప్పడం ఇంకో అలవాటు. దీనికి పాత బండిలోనూ పెద్ద కారణం లేదు, వినడానికి బాగుంటుంది, అంతే. కొత్త బండిలో ఇది నిజంగా నష్టం. ఇంజను ఆగితే ఆయిల్ ఆగుతుంది. అప్పటిదాకా జోరుగా తిరుగుతున్న చక్రం మాత్రం వెంటనే ఆగదు. హైవే మీద లోడుతో వచ్చి ధాబా దగ్గర ఆపితే ఒక నిమిషమో రెండు నిమిషాలో న్యూట్రల్‌లో నిలబడనివ్వండి. ఈలోగా టీ చెప్పొచ్చు.

అన్నిటికన్నా కష్టమైన మార్పు చెవిది. టర్బో లేని డీజిల్ ఇంజను తిరిగేకొద్దీ బలం కూడేది. కాబట్టి డ్రైవరు ఇంజను అరిచేదాకా గేరు మార్చడు. కొత్త పికప్‌లలో బలమంతా మధ్యలో ఉంటుంది. బొలేరో పికప్ 2,523 సీసీ ఇంజనుకు దాదాపు 200 న్యూటన్ మీటర్ల లాగుడు సుమారు 1,400 నుంచి 2,200 చుట్ల మధ్యనే అందుతుంది. అంతకు మించి తొక్కితే శబ్దం పెరుగుతుంది, డీజిల్ ఖర్చవుతుంది, లాగుడు మాత్రం పెరగదు. 1,200 కిందకు దిగితే టర్బో నిద్రపోయినట్టే ఉంటుంది. అక్కడ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, మరుక్షణం ఒక్కసారిగా గుంజుతుంది. చదును రోడ్డు మీద అది సరదాగా ఉండొచ్చు. తడిసిన కాలువ కట్ట మీద, వెనుక వడ్ల బస్తాలతో, ఒక పక్క నీళ్ళున్నప్పుడు కాదు. మొదటి పదిరోజులు చెవిని కాస్త పక్కన పెట్టి ఆర్‌పీఎం ముల్లును చూస్తూ తోలండి. ఖాళీ బండితో మొదలుపెట్టి, సగం లోడు, తర్వాత పూర్తి లోడు. ఆ ముల్లు ఎక్కడున్నప్పుడు ఏ శబ్దం వస్తుందో కుదిరాక, మళ్ళీ చెవి మీదే ఆధారపడొచ్చు.

పాత అలవాట్లన్నీ పారేయమని కాదు. పొద్దున్నే ఆయిల్ గేజు తీసి చూసే అలవాటు ఇప్పుడు రెట్టింపు అవసరం. ఎందుకంటే ఆయిల్ తగ్గితే ముందు పోయేది టర్బోనే. గాలి ఫిల్టరు దులిపే అలవాటూ మంచిదే, వరికోతల దుమ్ములో అయితే మరీను. కాకపోతే ఇప్పుడు ఊదడం కన్నా మార్చడం మేలు. పొగ రంగు చూసి జబ్బు చెప్పే పాతవాళ్ళ తెలివికి కొత్త బండిలోనూ గిరాకీ ఉంది. నల్లపొగ వస్తే గాలి అందట్లేదు, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు ఎక్కడో వదులై ఉండొచ్చు. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఈల శబ్దం కొద్దిగా ఉండటం సహజం, రోజురోజుకూ పెరిగితే షెడ్డుకు పోవాలి.

డీజిల్ దగ్గర మాత్రం రాజీ వద్దు. పాత ఇంజన్లు డ్రమ్ముల్లో, క్యాన్లలో దాచిన డీజిల్ తాగి కూడా నడిచాయి. కొత్త కామన్ రైల్ ఇంజన్లో డీజిల్ వెయ్యి బార్‌ల ఒత్తిడి దాటి, వెంట్రుకంత రంధ్రాల గుండా చిమ్ముతుంది. నీటి చుక్క, కిరోసిన్ కల్తీ దానికి విషం. ఇంజన్ ఆయిల్ కూడా షాపులో చేతికి దొరికింది కాదు, బీఎస్ 6 బండికి మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి. కొన్ని మోడళ్ళకు డీజిల్‌తో పాటు యాడ్‌బ్లూ అనే ద్రవం విడిగా పోయాలి. మీరు చూస్తున్నదానికి అవసరమో లేదో కొనకముందే అడగండి.

ఇక మన ఊళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, షోరూంలో ఎవరూ చెప్పనిది. బీఎస్ 6 డీజిల్ బండి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది అప్పుడప్పుడూ తనంతట తానే కాల్చుకోవాలి. అందుకు పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి కాసేపు ఆగకుండా ఒకే వేగంతో పోవాలి. వడ్ల సీజన్లో మన పికప్ చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి మూడు నాలుగు కిలోమీటర్లు, మళ్ళీ వెనక్కి. మిర్యాలగూడ మిల్లుల ముందు లైనులో గంటల తరబడి ఇంజను ఆన్‌లో పెట్టి ఒక్కో బండి జరగడం. ఇట్లా వారం గడిస్తే మసి నిండి లైటు వెలుగుతుంది, బండి బలం తగ్గుతుంది. డ్రైవరు అదీ టర్బో తప్పే అనుకుంటాడు. లైనులో నిలబడితే ఇంజను ఆపేయండి. వారానికోసారైనా సూర్యాపేట వైపో కోదాడ వైపో 65వ నంబరు హైవే మీద పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా పోయే కిరాయి ఒకటి చూసుకోండి. లైటు వెలిగాక పట్టించుకోకుండా తిప్పితే ఫిల్టరు మార్చే దాకా వస్తుంది, ఆ బిల్లు చూసి కొత్త బండిని మళ్ళీ తిడతారు.

నీళ్ళ సంగతీ చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న కాగితరామచంద్రాపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అదే వాన కోదాడలో కార్లను కొట్టుకుపోయేలా చేసింది. అట్లాంటప్పుడు "పాత జీపుతో ఇంతకన్నా లోతులో దాటినం" అనే ధైర్యం పనికిరాదు. టర్బో గాలిని బలంగా లాగుతుంది. గాలి పీల్చే గొట్టం దాకా నీళ్ళొస్తే వాటినీ అంతే బలంగా లాగుతుంది. నీళ్ళు అదమడానికి లొంగవు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ గొట్టం మూతి మీ బండిలో ఎంత ఎత్తులో ఉందో ఎండాకాలంలోనే బానెట్ ఎత్తి చూసుకోండి. మునిగిన బండిని నీళ్ళు తీశాక "ఒక్కసారి కొట్టి చూద్దాం" అని స్టార్ట్ చేయకండి. లాగించుకుని షెడ్డుకు తీసుకుపోండి.

కొనాలా వద్దా అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇంజన్లో కన్నా కాలువలో ఉంటుంది. ఎనిమిది లక్షల అప్పు, నాలుగేళ్ళు, 11 శాతం వడ్డీ అనుకుంటే నెల కిస్తీ దాదాపు 20,700 రూపాయలు. ఏడాదికి రెండున్నర లక్షలు. నడిగూడెం పికప్‌కు గట్టి కిరాయిలు వానాకాలం కోతలప్పుడు మూడు నెలలు, యాసంగి కోతలప్పుడు రెండు నెలలు ఉంటాయనుకుందాం. ఆ ఐదు నెలల్లో ఒక్కో నెల కిస్తీ కిందే యాభై వేలు పక్కన పెడితేగాని మిగతా ఏడు నెలలు నిద్ర పట్టదు. 1.7 టన్నుల బండిలో 40 కిలోల బస్తాలు 42 పడతాయి. ట్రిప్పుకు డీజిల్, డ్రైవరు బత్తా పోను ఎంత మిగులుతుందో మీకే తెలుసు, గుణించుకోండి.

ఇందులోనూ ఒక యాసంగి పోవచ్చు. 2023-24లో కృష్ణకు వరద లేక సాగర్ ఎడమ కాలువ కింద యాసంగికి నీళ్ళు రాలేదు. వడ్లు లేకపోతే వడ్ల కిరాయి లేదు. కాబట్టి కొనేముందు సాగర్ నీటిమట్టం చూడండి. మిర్చి, పత్తి, సిమెంటు, ఇటుక లాంటి, వడ్లతో సంబంధం లేని కిరాయి కనీసం ఒకటైనా చేతిలో ఉంచుకోండి. ధర సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత కొటేషన్ పట్టుకుని బేరమాడకండి. కొత్తది రాయించుకోండి.

లైసెన్సు గురించి కొందరికి ఇంకా భయముంది. 7,500 కిలోల లోపు మొత్తం బరువున్న సరకు బండికి మామూలు తేలికపాటి వాహనాల (ఎల్ఎంవీ) లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో ఖాయం చేసింది. పికప్‌లు ఆ లోపే.

పాత బండిని ఇంట్లో ఉంచుకోవాలని చాలామందికి ఉంటుంది. ఆ బండి మీదే పిల్లల చదువులు, చెల్లె పెళ్ళి అయి ఉంటాయి. ఉంచుకోవడం తప్పు కాదు గానీ లెక్క వేయండి. ఎనిమిదేళ్ళు దాటిన సరకు బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. ఇన్సూరెన్సు ఉంది, ట్యాక్సు ఉంది. నెలలో నాలుగు కిరాయిలు కూడా లేకపోతే అది మమకారం, ఆస్తి కాదు. అమ్మేస్తే మాత్రం తాళాలిచ్చి డబ్బులు తీసుకోవడంతో పని అయిపోలేదు. ఆర్సీ మీ పేరు మీదే ఉన్నంతకాలం ఆ బండి ఎక్కడ గుద్దినా పరిహారం కేసు మీ గడపకే వస్తుంది. 29, 30 నంబరు ఫారాలు నింపి సంతకాలు పెట్టి, అప్పు తీరిన బండైతే ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, 35వ ఫారం తెచ్చుకుని, 14 రోజుల్లోపు ఆర్టీఏలో సమాచారమివ్వండి. అద్దం మీది ఫాస్టాగ్ గీకి తీసేసి, ఆ ఖాతా కూడా మూయించండి. లేకపోతే కొన్నవాడు కొర్లపహాడ్ టోల్ దాటిన ప్రతిసారీ మీ ఫోనుకు మెసేజ్ వస్తుంది.